తోలేది మనం, కాగితం ఎవరి దగ్గర?

పోయిన నెల మా పక్క ఊరి కాలవ కట్ట మీద ఒక ట్రాక్టరు మలుపు తిరుగుతూ ఎదురొచ్చిన మోటారు సైకిలును కొట్టింది. మోటారు సైకిలాయనకి కాలు విరిగింది. ట్రక్కులో మిర్చి బస్తాలు. తోలుతున్నది మన పల్లె కుర్రాడు. వయసు ఇరవై రెండు. పద్నాలుగో ఏట ఆ కామందు దగ్గర పాలేరుగా చేరి, ఎనిమిదేళ్ళుగా అదే ట్రాక్టరు తోలుతున్నాడు. లైసెన్సు లేదు. ఎవరూ తీసుకోమనలేదు, తనూ అనుకోలేదు.

స్టేషనులో కామందు చెప్పిన మొదటి మాట ఇది: "తాళం నేనివ్వలేదండీ, వాడే తీసుకుపోయాడు." ఎనిమిదేళ్ళు రోజూ తెల్లారుజామున పిలిచి మరీ తాళం చేతిలో పెట్టిన మనిషి! ఆ తాళం ఇచ్చినట్టు కాగితం ఎక్కడా లేదు. కుర్రాడికి తోలడం వచ్చని చెప్పే కాగితమూ లేదు. కాగితం లేని చోట ఎవరి మాట నిలుస్తుందో మన పాఠకులకి మేం చెప్పాలా?

ఈ సంచిక సంపాదకీయం ఎల్లెల్లార్ పరీక్ష మీద అన్నప్పుడు మిత్రులు కొందరు నవ్వారు. "ఉద్యమ పత్రికలో డ్రైవింగ్ స్కూలు పెట్టారా మాష్టారూ?" అన్నారు. అవును, పెట్టాం. ఎందుకు పెట్టామో చెప్తాం.

1929లో బాబాసాహెబ్ అంబేడ్కర్ చాలీస్‌గావ్‌లో రైలు దిగారు. అప్పటికే ఆయన పెద్ద చదువులు చదివిన బారిస్టరు, బొంబాయి ప్రభుత్వం వేసిన విచారణ సంఘంలో సభ్యుడు. ఊళ్ళోని మహర్లు ఆయన్ని వాడకి తీసుకుపోదామని టాంగా కోసం వెతికారు. అంటరానివాణ్ణి ఎక్కించుకుని తోలడానికి ఒక్క టాంగావాడూ ఒప్పుకోలేదు. చివరికి ఒకడు టాంగా అయితే అద్దెకిస్తానన్నాడు గానీ తాను మాత్రం తోలనన్నాడు. సరే, మనవాళ్ళలోనే ఒకడు పగ్గం పట్టుకున్నాడు. అతనికి తోలడం రాదు. వాగు మీద కల్వర్టు దగ్గర చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంది. గుర్రం, బండి వాగులో పడ్డాయి. బాబాసాహెబ్ రాళ్ళ మీద పడి కాలు విరగ్గొట్టుకున్నారు. మర్యాద చూసుకున్నారు గానీ ఎక్కే మనిషి ప్రాణం సంగతి వాళ్ళకి తట్టలేదని ఆయనే తర్వాత రాసుకున్నారు. అలా అని వాళ్ళని నిందించలేదు.

ఈ కథని సభల్లో అందరం చెప్తాం. టాంగావాడి కులపిచ్చి దగ్గరే ఆపేస్తాం. మిగతా సగం కూడా చెప్పాలి. పగ్గం పట్టుకున్న మనవాడికి ఎవరూ నేర్పలేదు. ధైర్యం ఉంది, ప్రేమ ఉంది, పని రాదు. ఈరోజు మన కుర్రాళ్ళది దీనికి తిరకాసు. పని వచ్చు, కాగితం లేదు. ఆటో తోలేది మనం, ట్రాక్టరు తోలేది మనం, కోత మిషను తోలేది మనం. రాత్రిపూట లోడు లారీ మీద నిద్ర ఆపుకునేది కూడా మనవాళ్ళే. ప్రమాదం జరిగిన రోజు మాత్రం "వీడెవడో మాకు తెలియదు" అంటారు.

నిజానికి చట్టం కామందుని వదల్లేదు. మోటారు వాహనాల చట్టం 1988లో 180వ సెక్షను చదవండి. లైసెన్సు లేని మనిషికి బండి ఇచ్చి తోలమన్న యజమానికి కూడా శిక్ష ఉంది. 2019 సవరణ తర్వాత అది మూడు నెలల దాకా జైలు, లేకపోతే 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. తోలినవాడికి 181వ సెక్షను కింద దాదాపు అంతే. ఇద్దరిదీ నేరమే. కానీ స్టేషను మెట్లెక్కేది మాత్రం ఒక్కడే.

ఇన్సూరెన్సు సంగతి ఇంకా ముఖ్యం. ప్రమాదం కేసులో కంపెనీ వకీలు అడిగే మొదటి ప్రశ్న "లైసెన్సు ఉందా?" లేకపోతే, చాలా కేసుల్లో దెబ్బతిన్నవాళ్ళకి ముందు డబ్బు కట్టి, తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకుంటారు. ఆ యజమాని అప్పు చేసి ఆటో కొనుక్కున్న మన తమ్ముడే అయితే? సొంత బండి తోలుతూ చనిపోయినవాడి కుటుంబానికి పాలసీలో 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటుంది. అది అందాలంటే తోలినవాడికి చెల్లే లైసెన్సు ఉండాలి. అరచేతిలో పట్టే ఒక కార్డు లేక ఆడబిడ్డ పిల్లలతో నడిబజారులో నిలబడ్డ ఇళ్ళు మాకు తెలుసు. పేర్లు రాయం.

ఎల్లెల్లార్‌ని మనవాళ్ళు ఉత్త చీటీ అనుకుంటారు. కాదు. లెర్నర్ లైసెన్సు కూడా లైసెన్సేనని సుప్రీంకోర్టు 2004లోనే స్వరణ్ సింగ్ కేసులో చెప్పింది. దాని షరతులు మాత్రం పాటించాలి. బండికి ముందూ వెనకా తెల్ల పలక మీద ఎర్ర రంగుతో ఇంగ్లీషు 'ఎల్' అక్షరం ఉండాలి. పక్కన లైసెన్సు ఉన్న మనిషి కూర్చోవాలి, చెయ్యి చాపితే బండి ఆపగలిగేంత దగ్గరగా. మోటారు సైకిలైతే నేర్పే మనిషిని తప్ప ఇంకెవర్నీ ఎక్కించుకోకూడదు. ఎల్లెల్లార్ ఆరు నెలలు చెల్లుతుంది. చేతికొచ్చిన ముప్ఫై రోజుల తర్వాతే అసలు డ్రైవింగ్ పరీక్షకి పోనిస్తారు.

ఇక మా సంగతి చెప్పాలి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిమి మేం. తర్వాత బీయెడ్. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకి పరీక్షలు పెడుతున్నాం, మార్కులు వేస్తున్నాం. నలభై దాటాక స్కూటరు కొనుక్కుని, డాక్టరు సంతకం కూడా తెచ్చుకుని, ఎల్లెల్లార్ పరీక్షకి పోయాం. పుస్తకం తియ్యలేదు. "రోడ్డు గుర్తులు మాకు తెలియవా?" అనుకున్నాం. కంప్యూటరు ముందు కూర్చున్నాం. ఫెయిల్! బయట బెంచీ మీద మా పాత విద్యార్థి, పది తప్పినవాడు, పాసైన కాగితం పట్టుకుని కూర్చున్నాడు. "పర్లేదులే మాష్టారూ, మళ్ళీ రాయొచ్చు" అని మమ్మల్ని ఓదార్చాడు.

ఎక్కడ తప్పామో తర్వాత కూర్చుని లెక్క చూసుకున్నాం. నీలం గుండ్రంలో హారన్ బొమ్మ ఉంది. "హారన్ కొట్టరాదు" అని నొక్కాం. నీలం గుండ్రం అంటే చేసి తీరాలని. కొట్టరాదంటే ఎర్ర అంచు గుండ్రం మీద అడ్డగీత ఉండాలి. బండి నిలపరాదు, అసలు ఆపనే రాదు అనే రెండు గుర్తుల్ని ఒకటే అనుకున్నాం. మొదటిదానికి ఒక అడ్డగీత, రెండోదానికి కత్తెరలా రెండు గీతలు. ఇంతే తేడా. చదువుకున్నవాడి గర్వం తప్ప ఇంకే కారణమూ లేదు.

రెండోసారి పాసయ్యాం. ఆ తర్వాతే బడి వసారాలో రాత్రి క్లాసు మొదలుపెట్టాం. మూడు నెలల్లో మాకు అర్థమైన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాం. మీ ఊళ్ళో కూడా ఎవరైనా మొదలుపెడితే పనికొస్తాయి.

ముందు బొమ్మలు. అక్షరం రాని మనిషికి కూడా ఒక్క సాయంత్రంలో వచ్చేవి ఇవి. గుర్తు లోపల ఏముందో చూడక ముందే ఆకారం చూడమని చెప్తాం. గుండ్రం అంటే ఆజ్ఞ, మీరితే జరిమానా. ముక్కోణం అంటే హెచ్చరిక, ముందు ఏదో ఉంది జాగ్రత్త. నాలుగు పలకలది కబురు: ఆసుపత్రి, పెట్రోలు బంకు, టెలిఫోను. గుండ్రంలో మళ్ళీ రెండు రకాలు. ఎర్ర అంచుది "వద్దు" అంటుంది, నీలం నిండినది "ఇలా చెయ్యి" అంటుంది. ఇందులో తిరకాసులు మూడు. ఆగు అనే గుర్తుకి ఎనిమిది పలకలు. దారివ్వు అనే గుర్తు తల్లకిందులుగా పెట్టిన ముక్కోణం. బండి నిలపరాదు అనే గుర్తు లోపల నీలం ఉన్నా అంచు ఎర్రన. ఈ మూడూ పరీక్షలో తప్పకుండా వస్తాయనుకుని చదవండి. మా క్లాసులో ఒక పెద్దమ్మ, కొడుకుని తీసుకొచ్చి వెనక కూర్చునే మనిషి, రెండో రోజుకే వాడికంటే ముందు చెప్పేసింది. ఇప్పుడు ఆమెని కూడా స్కూటరు నేర్చుకోమంటున్నాం. కొడుకు ఒప్పుకోవడం లేదు! వాడి సంగతి వేరే చూస్తాం.

తర్వాత భాష. ఇది మా ఫిర్యాదు. మన వాళ్ళకి ఓవర్‌టేక్ అంటే తెలుసు. పరీక్ష కాగితం "అధిగమించుట" అంటుంది. నడిచిపోయేవాళ్ళు అంటే తెలుసు, "పాదచారులు" అంటే ఏదో పూజారుల మాటలా వినబడుతుంది. సెంటరు తెలుసు, "కూడలి" తెలియదు. పదేళ్ళు లారీ తోలినవాడు ప్రశ్న అర్థంగాక తప్పితే అది డ్రైవింగు పరీక్షా, తెలుగు పండితుడి పరీక్షా? అందుకని ఇలాంటి మాటలు ఓ ముప్ఫై ఏరి, పక్కన మన మాట రాసి, గోడకి అంటించాం. కుర్రాళ్ళు దాన్ని "పంతులుగారి తెలుగు, మన తెలుగు" అంటున్నారు.

అన్నిటికంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నది ఎవరు ఎవరికి దారివ్వాలి అన్న పాఠం మీద. మా తాతల కాలంలో ఈ ప్రశ్నకి ఒకటే జవాబు. ఎదురుగా ఎవరొచ్చినా మనమే తొలగాలి. చెప్పులు చేతిలోకి తీసుకోవాలి. సైకిలు ఉంటే పెద్దవీధిలో దిగి నడిపించుకుపోవాలి. కొన్ని ఊళ్ళలో మోటారు సైకిలు మీద కూడా ఆ చూపులు ఇంకా పోలేదు. పరీక్ష పుస్తకంలో జవాబు వేరే. సిగ్నలు లేని సెంటర్లో మీకు కుడివైపు నుంచి వచ్చే బండికి దారివ్వాలి. ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. అంబులెన్సుకి, ఫైరింజనుకి అందరూ దారివ్వాలి. జీబ్రా గీతల దగ్గర నడిచేవాళ్ళు దాటుతుంటే బండి ఆగాలి, అది ఎవరి బండైనా సరే. తెల్లకర్ర పట్టుకున్న అంధుడు దాటుతుంటే ఆ కర్రనే ఆగు గుర్తుగా చూడాలి. ఈ పాఠం అయ్యాక ఒక కుర్రాడు లేచి, "మాష్టారూ, కుడివైపు నుంచి సర్పంచిగారి కారొస్తే?" అన్నాడు. ఆగు అన్నాం. "ఆయనకి కుడివైపు నేనుంటే?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. అయితే ఆయనే ఆగాలి. పరీక్షలో ఇదే రాయి, మార్కు పడుతుంది. రోడ్డు మీద మాత్రం ఆయన ఆగాడో లేదో కళ్ళతో చూసుకుని కదులు. ఎదుటివాడు రూలు పాటిస్తాడన్న నమ్మకం మీద ప్రాణం పెట్టకూడదు.

ప్రమాదం జరిగితే డ్రైవరు ఏం చేయాలి అన్నది నిబంధనల ప్రకారమే పరీక్షలో ఉండాల్సిన అంశం. 134వ సెక్షను చెప్పేదేమిటంటే, దెబ్బ తగిలినవాళ్ళని దగ్గరి ఆసుపత్రికి చేర్చాలి. ఇరవై నాలుగు గంటల్లోపు పోలీసులకి తెలపాలి. మన కుర్రాళ్ళు పారిపోతారు. ఎందుకు పారిపోతారో మాకు తెలుసు. పడినవాడు ఏ కులంవాడో, చుట్టూ ఉన్న జనం ఎవరో చూసుకుని పారిపోతారు. అదే సెక్షను ఆ భయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంది. జనం కోపంతో మీదపడే పరిస్థితి ఉంటే ఆసుపత్రికి చేర్చలేకపోయినా తప్పుగా చూడదు. అప్పుడు తిన్నగా దగ్గరి స్టేషనుకి పోండి. ఊరు వదిలి మాయం కావద్దు. మాయమైనవాడి మీద ఎవరేం చెప్పినా చెల్లుతుంది.

కాపలా లేని రైలు గేటు మీద కూడా ప్రశ్న వస్తుంది. బండి ఆపాలి, క్లీనరు దిగి పట్టాల దాకా పోయి రెండు వైపులా చూసి రావాలి, క్లీనరు లేకపోతే డ్రైవరే దిగి చూడాలి. బ్రాడ్ గేజి మార్గాల్లో అలాంటి గేట్లన్నీ 2019 జనవరి నాటికి ఎత్తేశామని రైల్వే వాళ్ళు ప్రకటించారు. మరి ఆ ప్రశ్న దేనికి అని ఒకరు అడిగారు. 2014 జూలై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర బడి బస్సుని రైలు కొట్టిన సంగతి చెప్పాం. పదిమందికి పైగా పిల్లలు పోయారు. బడి పంతుళ్ళం, ఆ ప్రశ్న తీసెయ్యమని మేం అడగం.

పాసు మార్కు నూటికి అరవై. ఇరవై ప్రశ్నలిస్తే పన్నెండు, పదిహేనిస్తే తొమ్మిది. కేంద్రం 2016 డిసెంబరులో సవరించిన పట్టీ ప్రకారం ఒక్కో రకం బండికి ఎల్లెల్లార్ ఫీజు 150, పరీక్షకి 50. దానిమీద రాష్ట్రం వేసే సర్వీసు చార్జీ అదనం. తప్పితే మళ్ళీ పరీక్ష ఫీజు కట్టి రాసుకోవచ్చు. అంతే ఖర్చు. ఆఫీసు గేటు ముందు చెట్టుకింద కూర్చున్న బ్రోకరు వేలల్లో అడుగుతాడు. "పరీక్ష నేను చూసుకుంటా" అంటాడు. అతనికి కట్టిన డబ్బు ఒక నష్టం, నేర్చుకోకుండా రోడ్డెక్కడం ఇంకో నష్టం. రెండోదాని ధర బ్రోకరు చెప్పడు.

ఎనిమిదో తరగతి సంగతి కూడా చాలామందికి ఇంకా తెలియదు. రవాణా బండ్ల లైసెన్సుకి ఎనిమిది పాసై ఉండాలనే నిబంధన 2019 దాకా ఉండేది. ఎనిమిదేళ్ళు బడిలో నిలబెట్టలేని సర్కారే, ఎనిమిది చదవలేదని పొట్ట కొట్టేది. దొంగ సర్టిఫికెట్ల వ్యాపారం అక్కడే పుట్టింది. మా దగ్గరికే వచ్చి "ఒక సంతకం పెట్టు బావా" అని అడిగినవాళ్ళున్నారు. పెట్టలేదు. పెట్టనందుకు ఇప్పటికీ మాట్లాడని బావమరిది ఒకడున్నాడు. 2019 సెప్టెంబరులో కేంద్రం ఆ నిబంధన తీసేసింది. అతనికి ఆ కబురు ఈ పత్రిక ద్వారా చెప్తున్నాం, ఎదురుగా చెప్తే వినడు గనక.

ఇంకొకటి. కారు లైసెన్సు, అంటే తేలిక బండ్ల లైసెన్సు ఉన్నవాళ్ళు 7,500 కిలోల లోపు రవాణా బండి తోలడానికి వేరే అనుమతి అక్కర్లేదని సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. చిన్న ట్రాలీ బండ్లు, టాటా ఏస్‌లు తోలుకునే తమ్ముళ్ళు ఈ తేదీ రాసిపెట్టుకోండి. ఇన్సూరెన్సు కంపెనీ అడ్డం తిరిగితే పనికొస్తుంది. ట్రాక్టరు కూడా ఆ బరువు లోపే గనక తేలిక బండి కిందికే వస్తుంది. ఎస్సీ కార్పొరేషన్ బండి రుణాలకి దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా లైసెన్సు అడుగుతారు. పథకం ప్రకటించాక లైసెన్సుకి పరిగెత్తితే గడువు దాటిపోతుంది. మనవాళ్ళ వాటా బండ్లు మన పేరు మీద ఎత్తుకుని ఇంకెవరో తోలించుకుంటున్నది ఇలాంటి సందుల్లోంచే.

పద్దెనిమిది నిండని పిల్లలకి బండి ఇవ్వకండి. పదహారేళ్ళకి ఇస్తారట కదా అని అడుగుతున్నారు. అది గేరు లేని, 50 సీసీ మించని బండికి. ఇప్పుడు మీరు కొంటున్న పెట్రోలు స్కూటర్లు అంతకంటే పెద్దవే. పిల్లవాడు నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ళ దాకా జైలు, 25,000 జరిమానా అని 2019 సవరణ చెప్తోంది.

చివరగా కాగితాలు. ఇక్కడ తప్పు మా పంతుళ్ళది. బడిలో చేర్చుకునేటప్పుడు పుట్టినరోజు తెలియని పిల్లలందరికీ జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేశారు. ఆధార్‌లో ఇంకో తేదీ, ఒక్కోసారి ఉత్త సంవత్సరమే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. మన యేసోబు ఒక కాగితంలో యేసోబు, ఇంకో కాగితంలో జోసెఫ్. పరీక్ష రోజున ఆఫీసు కిటికీ దగ్గర ఇది బయటపడితే కూలిరోజు పోయినట్టే. ముందే సరిచూసుకోండి.

వచ్చే నెల నాలుగు ఆదివారాలూ రాత్రి ఏడింటికి మా బడి వసారాలో క్లాసు ఉంటుంది. ఆడపిల్లలు, అంగన్‌వాడీ అక్కలు, ఆశా కార్యకర్తలు ముందు వరసలో కూర్చుంటారు. ఆధార్, బడి సర్టిఫికెట్ తెచ్చుకోండి, తేదీలు అక్కడే చూస్తాం. పాత క్యాలెండర్లు ఉంటే తీసుకురండి, వెనకవైపు గుర్తులు గీసుకోవచ్చు. ఎర్ర రంగు, నీలం రంగు చందాల డబ్బులో కొన్నాం. పైన చెప్పిన ట్రాక్టరు కుర్రాడు బెయిలు మీద బయటికొచ్చాడు. మొదటి క్లాసుకి వస్తానన్నాడు.